పైడమ్మ ఆరో గడి

దీపాలవలస పురపాలక సంఘం పరిధిలో మారని మనిషి ఒక్కడు కూడా మిగలకూడదని కౌన్సిలు ఏకగ్రీవంగా తీర్మానించిన రెండు నెలలకు, ఒక ఉదయం తవిటయ్యకు పైడమ్మ బడ్డీ దగ్గర ఇడ్లీ గొంతు దిగలేదు. పదకొండేళ్లలో ఇలా జరగడం అదే మొదలు. ఇడ్లీలో లోపం లేదు, చట్నీలో అంతకన్నా లేదు. లోపమల్లా అతని జేబులో ఉన్న ఫోనులో ఉంది.

తవిటయ్య పారిశుద్ధ్య విభాగంలో జూనియర్ అసిస్టెంటు. ఊళ్లో దోమల మందు ఎప్పుడు కొడతారో చెప్పగలిగిన ఇద్దరు మనుషుల్లో ఒకడు. తీర్మానం పుణ్యమా అని అతన్ని మూడో వార్డుకు ‘హరిత పరివర్తన ప్రేరకుడు’గా నియమించారు. కుర్చీ పాతదే, టోపీ మాత్రం కొత్తది, ఆకుపచ్చది. పర్యావరణానికి చేటు చేసే అలవాట్లను జనం చేత మాన్పించడం అతని పని. ఇందుకు మూడు రోజుల శిక్షణ కూడా ఇచ్చారు. ఎవరినీ తప్పు చేస్తున్నావని అనకూడదు, నవ్వాలి, ఎదుటివాడు చెప్పింది ఒప్పుకున్నట్టు తలాడించాలి, ఆ తర్వాత నెమ్మదిగా “మీ మనవల గురించి ఒక్కసారి ఆలోచించారా?” అని అడగాలి. మనవలు లేనివాళ్లని ఏమడగాలో శిక్షణలో చెప్పలేదు.

అదే నెలాఖరుకి బస్టాండు బయట బడ్డీలన్నీ తీసేసి, లోపల ‘హరిత అంగడి’ పేరుతో కట్టిన పన్నెండు గదులు వ్యాపారులకు ఇస్తారు. గది కావాలంటే ‘పరివర్తన పత్రం’ చూపించాలి. పత్రం లేనివాళ్లు రైల్వే గేటు అవతలికి పోవాలి. అక్కడ బస్సులు ఆగవు, మనుషులు ఆగరు, ఆగేది గేటు పడ్డప్పుడు గేదెలు మాత్రమే. పైడమ్మ బస్టాండు గుమ్మంలో ఇరవై రెండేళ్లుగా ఇడ్లీలు వేస్తోంది. మొగుడు పోయాక కూతురి పెళ్లి చేసిందీ, ఇప్పుడు మనవరాలిని చదివిస్తున్నదీ ఆ పొయ్యి మీదే. గేటు అవతలికి పంపిస్తే ఆ పొయ్యి ఆరిపోతుంది. ఆ సంగతి పైడమ్మకు తెలుసు, తవిటయ్యకు ఇంకా బాగా తెలుసు.

“అప్పా, నీ చెడ్డలవాటు ఏటో ఒకటి చెప్పు” అన్నాడు తవిటయ్య, ఫోను తీసి.

పైడమ్మ ఇడ్లీ పాత్ర మూత ఎత్తి పట్టుకుని ఆలోచించింది. “పొడుం పీలుస్తాను. నీకు తెల్సిందే గదా బాబూ.”

“పొడుం పనికిరాదు. ఇందులో నాలుగే ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లు, థర్మాకోల్ పళ్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు. వీట్లో ఏది వాడతన్నావు?”

“ఏదీ నేదు.”

“పోనీ, ఇదివరకెప్పుడైనా?”

“మా అత్త ఒప్పుకోదు” అంది పైడమ్మ.

అత్త సింహాలమ్మ పోయి పద్నాలుగేళ్లయింది. అయినా పైడమ్మ ఆవిడ గురించి పక్క గదిలో ఉన్న మనిషి గురించి చెప్పినట్టే చెబుతుంది. బడ్డీ పెట్టించింది అత్తే. ఇడ్లీ అడ్డాకులో పెట్టాలనీ, నీళ్లు స్టీలు గ్లాసులో ఇవ్వాలనీ, ఎంగిలాకులు గంపలో వేసి ఇంటి వెనక ఆనపపాదు కింద పూడ్చాలనీ నియమం పెట్టిందీ అత్తే. పార్సిలు అడిగిన వాడికి, వాడు ఎంతటివాడైనా సరే, “గిన్ని తెచ్చుకో బాబూ” అని ఒకటే మాట. గిన్ని తేనివాడు అక్కడే నిలబడి తినేవాడు. ఆ ఆకులు కొండ మీద మెట్టగూడ నుంచి సవర సుక్కమ్మ ప్రతి సోమవారం మొదటి బస్సుకి కట్టలు కట్టి తెచ్చేది. పచ్చగా ఉన్నప్పుడే వెదురు పుల్లలతో కుట్టి ఆరబెట్టిన ఆకులు, వేడి ఇడ్లీ పడగానే అడవి వాసన వేసేవి.

ఇదంతా తవిటయ్యకు తెలుసు, ఫోనుకే తెలియదు. పరివర్తన యాప్‌లో ఆరో గడి ‘మానిన చెడు అలవాటు’. ఏడో గడి ‘మానిన తేదీ’. ఎనిమిదో గడి ‘మాన్పించిన అధికారి’. ఆరో గడి నింపకపోతే ఏడో గడి తెరుచుకోదు. నింపాలంటే అలవాటు ఉన్నప్పటి ఫొటో ఒకటి, మానేశాక ఇంకొకటి, తీసిన చోటుతో తీసిన తేదీతో సహా పెట్టాలి. తవిటయ్య అరగంటసేపు ఆరో గడిని పొడిచి పొడిచి వదిలేశాడు.

పక్కనే నూడుల్స్ బండి నూకరాజు ఆరో గడి మాత్రం కళకళలాడుతోంది. ఆరేళ్లుగా థర్మాకోల్ పళ్లాలు వాడి, వాడినవి వాడినట్టు మురిక్కాలవలోకి విసిరిన మనిషి. క్రితం నెల మూడో తేదీన మానేశాడు. ఆ మధ్యాహ్నమే శాలువా కప్పి ఒకటో నంబరు గది కేటాయించారు.

*

పరివర్తన కార్యక్రమానికి నోడల్ అధికారి శ్రీ దూసి వైకుంఠరావుగారు. మాట్లాడేటప్పుడు కళ్లు మూసుకుంటారు. ఎదుటివాడు కూడా మూసుకుంటే బాగుండుననిపించేలా మాట్లాడతారు. తవిటయ్య చెప్పిందంతా విని, కళ్లు మూసుకున్నారు.

“పరివర్తన అనేది ఒక ప్రక్రియ, తవిటయ్యగారూ. ప్రక్రియకు ఆరంభస్థితి ఉండాలి, అంత్యస్థితి ఉండాలి. ఈ రెండింటి మధ్య దూరమే ప్రగతి. ఈమెకు ఆరంభస్థితి లేదు.”

“ఆవిడ మొదట్నించీ ఆకులేనండి వాడుతున్నది.”

“అంటే మొదటి నుంచీ మారలేదన్నమాట.”

“మారక్కర్లేకుండా ఉందండి.”

వైకుంఠరావుగారు కళ్లు తెరిచారు. “ఆ మాట ఈ గదిలో అన్నారు కాబట్టి సరిపోయింది. మారక్కర్లేని పౌరులు ఉన్నారని పైకి తెలిస్తే మన విభాగం ఎందుకని అడుగుతారు. నివేదికలో రెండే వర్గాలున్నాయి, మారినవారు, మారనివారు. నూకరాజు మారినవాడు. ఈమె ఇరవై రెండేళ్లుగా ఒకే అలవాటును మొండిగా పట్టుకుని కూర్చున్న మనిషి. అటువంటివారికి గది ఇస్తే మారినవారి మనోధైర్యం ఏమవుతుంది?”

తవిటయ్యకు రైల్వే గేటు దగ్గర గేదెల మధ్య ఇడ్లీ పాత్ర పెట్టుకుని కూర్చున్న పైడమ్మ కళ్ల ముందు కనిపించింది.

“ఏదో ఒక దారి మీరే చూపించాలండి” అన్నాడు.

వైకుంఠరావుగారు కఠినుడు కాదు. దారి అడిగిన వాడికి దారి చూపించడం ఆయన బలహీనత. మార్గదర్శిక తెప్పించి, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టారు. “అలవాటు స్థిరపడటానికి ఇరవయ్యొక్క రోజులు. స్థిరపడని అలవాటును మాన్పించినా లెక్కకు రాదు. నెలాఖరుకు సరిగ్గా ఇరవై రెండు రోజులుంది. ఆమెకు ఆరంభస్థితి కల్పిద్దాం.”

“కల్పించడమంటే?”

“ఇరవయ్యొక్క రోజులు ప్లాస్టిక్ వాడుతుంది. ఇరవై రెండో రోజు మానేస్తుంది. మాన్పించేది మీరే.”

ఆ సాయంత్రానికే ఉత్తర్వు తయారైంది. ‘శ్రీమతి సీదరి పైడమ్మ, ఇడ్లీ వ్యాపారి, వారికి ప్రజాప్రయోజనార్థము ఇరవయ్యొక్క దినములపాటు నిషేధిత ప్లాస్టిక్ సంచులను వాడుటకును, వాడిన పిదప పారవేయించుటకును ఇందుమూలముగా అనుమతించడమైనది. పారవేయు స్థలము బహిరంగమై ఉండవలెను.’ కవర్లకు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. గత రెండేళ్లలో దుకాణాల నుంచి జప్తు చేసినవి గోదాములో పైకప్పు దాకా ఉన్నాయి.

*

మనుషుల చేత చెడ్డలవాటు మాన్పించడంలో తవిటయ్యకు శిక్షణ ఉంది కాని, చేయించడంలో లేదు. శిక్షణలో ఇచ్చిన పుస్తకాన్నే చివరి పేజీ నుంచి మొదటికి చదువుకుని బస్టాండుకు వెళ్లాడు. నవ్వాడు, తలాడించాడు. కవర్ల కట్ట పైడమ్మ ముందు పెట్టాడు.

“ఇవేటి?” అంది పైడమ్మ.

“ఇరవయ్యొక్క రోజులు వీటిలోనే పెట్టివ్వాలప్పా. ఆకు ఇవ్వకూడదు. ఆపాటికి అలవాటైపోద్ది, అప్పుడు మానేద్దువు గాని.”

“ఇప్పుడు వాడటం నేదు గదా. మళ్లీ మానెయ్యడానికి వాడటం ఎందుకు?”

జవాబు లేనప్పుడు ఏం చెయ్యాలో పుస్తకంలో ఉంది. “నీ మనవరాలి గురించి ఒక్కసారి ఆలోచించావా?” అన్నాడు.

పైడమ్మ ఆలోచించింది. పొయ్యిలో ఒక కట్టె ముందుకు తోసింది. కట్ట విప్పి ఒక కవరు బయటికి లాగింది.

మొదటి వారం వ్యవహారం సాగలేదు. పైడమ్మ కవరిచ్చి “రేపు ఇదే పట్టుకురా బాబూ” అనేది. తెచ్చినవాటిని చింతపండు నీళ్లతో కడిగి, బడ్డీ వెనక తాడు కట్టి ఆరేసేది. వారానికి పన్నెండు కవర్లే ఖర్చయ్యాయని తెలిసి వైకుంఠరావుగారు స్వయంగా వచ్చారు. తాడు మీద గాలికి ఊగుతున్న కవర్లను ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

“ఇది పునర్వినియోగం” అన్నారు చివరికి. “ఇది అంత్యస్థితికి చెందిన ప్రవర్తన. ఆరంభస్థితిలో ఇలా చెయ్యరాదు. పారెయ్యాలమ్మా. రోడ్డు మీద పారెయ్యాలి.”

“గట్టిగానే ఉన్నాయి గదండి.”

“గట్టిగా ఉన్నా సరే.”

పారేస్తున్న ఫొటో అవసరమైంది. తవిటయ్య ఫోను పట్టుకుని కాలవ పక్కన నిలబడ్డాడు. పైడమ్మ కవరు చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడింది. చెయ్యి ముందుకు చాచింది గాని వేళ్లు విప్పలేకపోయింది. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి, తోటి వ్యాపారులంతా చూస్తుండగా, చిన్నపిల్లను బడిలో నిలబెట్టినట్టు నిలబడింది. తవిటయ్య ఫోను దించి, మళ్లీ ఎత్తాడు. “ఒక్కసారి అప్పా” అన్నాడు. వదిలింది. ఫొటో పడింది. ఆ వెంటనే పైడమ్మ చీర మోకాళ్ల దాకా ఎగదోపి, కాలవలోకి దిగి, కవరు తీసుకుని పైకొచ్చింది. తవిటయ్య ఫోను జేబులో పెట్టుకుని అటు చూడనట్టు నటించాడు.

సోమవారం మొదటి బస్సుకి సుక్కమ్మ నెత్తి మీద ఆకుల కట్టతో దిగింది. పైడమ్మ ఆమెకు టీ ఇప్పించి, సంగతి చెప్పి పంపించేసింది. పై సోమవారమూ అంతే. మూడో సోమవారం సుక్కమ్మ కట్ట కిందికి దించకుండానే, పైడమ్మ మొహం చూసి, తిరుగు బస్సెక్కింది. నాలుగో సోమవారానికి మరి రాలేదు.

*

ఈలోగా ఊళ్లో పరివర్తన జోరందుకుంది. ఉత్తర్వు వచ్చిన సాయంత్రమే పైడమ్మ ఫైలు చూసిన మిగతా వార్డుల ప్రేరకులు కూడా తమ తమ ఖాళీ ఆరో గడులు పట్టుకొచ్చారు. చూడబోతే ఊళ్లో సగం మంది ఏ తప్పూ చెయ్యకుండా బతికేస్తున్నారని తేలింది. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ గమనించనందుకు వైకుంఠరావుగారు సమావేశంలో విచారం వ్యక్తం చేశారు. ‘ఆరంభస్థితి కల్పన ఉపవిభాగం’ అని కొత్తది ఒకటి తెరిచారు.

రిటైరైన లెక్కల మాస్టారు తిరుపతిరావుగారు నలభై ఏళ్లుగా సైకిలు మీదే తిరుగుతున్నారు. ఆయన మారాలంటే ముందు పొగ వదిలే బండి ఎక్కాలి. ఆఫీసులో జీపు రిపేరులో ఉండటం వల్ల దోమల పొగ బండి కేటాయించారు. మాస్టారు ఇరవయ్యొక్క రోజులు దాని వెనక కూర్చుని కూరగాయల మార్కెట్టుకీ, గ్రంథాలయానికీ వెళ్లారు. వెనక తెల్లటి పొగ వీధి వీధంతా కమ్ముకునేది. ఆరంభస్థితి ఫొటోల్లో ఆయన ఎక్కడా కనపడకపోవడం వల్ల మళ్లీ మళ్లీ తియ్యవలసి వచ్చింది. ఆ మూడు వారాలూ ఊళ్లో దోమలు తగ్గాయని కొందరు సంతోషించారు.

ఇంతమందికీ పంచేసరికి గోదాములో కవర్లు నిండుకున్నాయి. జప్తు బృందాన్ని బస్టాండు గేటు దగ్గర కాపలా పెట్టారు. వాడటానికి అనుమతి పైడమ్మకు ఉంది గాని, ఆమె దగ్గర కొన్న వాళ్లకు లేదు. ఇడ్లీలు పట్టుకుని నాలుగడుగులు వేసిన మనిషి దగ్గర బృందం కవరు లాక్కుని, ఇడ్లీలు అతని చేతిలో పోసి, కవరు గోదాముకి పంపేది. మర్నాడు ఉదయం అదే కవరు ముద్ర వేసుకుని పైడమ్మ దగ్గరికి వచ్చేది. దొరక్కుండా పోయినవి కాలవలో చేరాయి. కాలవ పొంగి, బస్టాండులోకి మడమల లోతు నీళ్లు వచ్చాయి.

తవిటయ్య ప్యాంటు మడిచి నీళ్లలో నడిచి వెళ్లి ఆ సంగతి చెప్పాడు. వైకుంఠరావుగారు కిటికీలోంచి చూసి, “ఆరంభస్థితి ఆశాజనకంగా ఉంది” అన్నారు.

*

ఇరవై రెండో రోజు కల్యాణ మండపంలో సభ జరిగింది. చైర్‌పర్సనుగారూ, కమిషనరుగారూ, శాలువాలూ వచ్చాయి. శాలువాలు ఒక్కొక్కటీ ఒక్కొక్క కవరులో ఉన్నాయి. మాస్టారు వేదిక మీదే సైకిలెక్కి ఒక చుట్టు తిరిగారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన మొహంలో నలభై ఏళ్లలో నేర్చుకున్న లెక్క ఏదీ కలవనట్టుంది.

తర్వాత పైడమ్మ. ఆమె చేత ఒక కవరును చెత్తబుట్టలో వేయించి, చేతికి అడ్డాకు ఇచ్చారు. ఆకు ఎక్కడిదో గాని, కొత్త ఆకు పట్టుకున్నంత శ్రద్ధగా పట్టుకోమని ఫొటోగ్రాఫరు చెప్పాడు. ఫొటో పడింది. తవిటయ్య ఫోనులో ఏడో గడి తెరుచుకుంది.

“నాలుగు మాటలు చెప్పమ్మా” అన్నారు కమిషనరుగారు. “ఈ మంచి మార్పు నీలో ఎవరు తెచ్చారు?”

పైడమ్మ మైకు ముందుకు వంగింది. “మా అత్తండి. సింహాలమ్మ. ఆకులోనే పెట్టాలని ఆవిడే నేర్పినాది.”

తవిటయ్య ఎనిమిదో గడి వైపు చూసుకున్నాడు. అందులో అధికారుల జాబితా మాత్రమే వస్తుంది, సింహాలమ్మ పేరు రాయడానికి చోటు లేదు. వైకుంఠరావుగారు మైకు తమ వైపు తిప్పుకున్నారు. “ఆమె భావోద్వేగంలో ఉన్నారు. ఇరవై రెండేళ్లుగా బస్టాండులో వ్యాపారం చేస్తూ, నిన్నటి దాకా విచ్చలవిడిగా ప్లాస్టిక్ వాడిన ఈ మహిళను, ఒక్క రోజులో మార్చిన ఘనత మన తవిటయ్యగారిది.”

ఉత్తమ ప్రేరకుడి శాలువా తవిటయ్యకు కప్పారు. అతను పైడమ్మ వైపు చూడలేదు. తలొంచుకుని, శాలువా అంచున ఉన్న ధర చీటీ పీకే పనిలో ఉన్నట్టు చాలాసేపు నిలబడ్డాడు.

పైడమ్మకు నాలుగో నంబరు గది వచ్చింది. గోడ మీద లామినేట్ చేసిన పత్రం వేలాడదీశారు. మానిన అలవాటు, ప్లాస్టిక్ సంచులు. మాన్పించిన అధికారి, పొట్నూరు తవిటయ్య.

*

మర్నాడు పొద్దున్నే తవిటయ్య నాలుగో నంబరు గదికి వెళ్లాడు. గది బాగుంది. కుళాయి ఉంది, పొగగొట్టం ఉంది. పత్రం కింద నిలబడి పైడమ్మ ఒకాయనకు ఇడ్లీలు కవరులో వేసి ఇస్తోంది.

“అప్పా” అన్నాడు తవిటయ్య. “మానేసినట్టు రాసేశాం గదా.”

“రాసినారు” అంది పైడమ్మ. “ఆకులేవీ? సుక్కమ్మ రాటం మానేసినాది. గిన్నిలు తెచ్చినోళ్లంతా ఇప్పుడు సేతులూపుకుంటూ వస్తన్నారు. కవరు నేదంటే నూకరాజు దగ్గరికి పోతన్నారు. ఇందాక ఒకాయనకి గిన్ని తెచ్చుకోమని చెబుదామని నోరు తెరిస్తే, నా సెయ్యే కవరు మీదకి పోనాది. నువ్వే గదా సెప్పినావు, ఇరవయ్యొక్క రోజులకి అలవాటైపోతాదని. అయిపోనాది.”

తవిటయ్య అలవాటు కొద్దీ “నీ మనవరాలి గురించి ఒక్కసారి...” అన్నాడు.

“నా మనవరాలికి ఈ గదుంది. సుక్కమ్మ మనవల గురించి ఆలోసించు” అంది పైడమ్మ. గొంతు పెంచలేదు. గరిటెతో గోడ మీద పత్రం చూపించింది. “నన్ను మార్చినోడివి నువ్వేనని దాని మీద రాసుకున్నారు. అయితే మార్చు.”

తవిటయ్య ఆఫీసుకు వెళ్లి, మెట్టగూడ దాకా పోయి రావడానికి ఒక రోజు అనుమతి అడిగాడు. వైకుంఠరావుగారు కళ్లు మూసుకున్నారు. “మారిన మనిషిని మళ్లీ మార్చడం ద్వంద్వ నమోదు కిందికి వస్తుంది. రికార్డు ప్రకారం ఆమె ఆకులోనే పెడుతోంది. రికార్డును శంకించకండి” అన్నారు. పైగా కొత్తగా వచ్చిన సర్క్యులరు ఒకటి చేతికిచ్చారు. పరివర్తన పత్రం ఏడాది వరకే చెల్లుతుంది. పునరుద్ధరణ కావాలంటే మళ్లీ ఒకసారి మారి చూపించాలి.

ఆ పూట తవిటయ్య తన టేబులు మీద ఉన్న ఆకుపచ్చ టోపీని సొరుగులో పెట్టి తాళం వేశాడు. అతని పాతికేళ్ల ఉద్యోగంలో ఇంతకు మించిన తిరుగుబాటు లేదు. సెలవు ఎలాగూ రాదు కాబట్టి ఆదివారం మొదటి బస్సుకి కొండెక్కాడు.

సుక్కమ్మ ఇంటి ముందు వెదురు పుల్లల కట్ట మూలన పడి ఉంది. ఆమె చీపుళ్లు కడుతోంది. తవిటయ్య నిలబడే సంగతి చెప్పాడు.

“ఇరవయ్యొక్క రోజులు వద్దన్నారు” అంది సుక్కమ్మ. “మూడు కట్టలు పురుగు పట్టిపోయినాయి. ఇప్పుడు కావాలంటన్నారు. మళ్లీ వద్దనరని కాయితం రాసిస్తావా?”

తవిటయ్య తన జీవితంలో అందరికీ అన్నీ రాసిచ్చాడు. లేని జబ్బులకు, తొలగని చెత్తకు, కొట్టని దోమల మందుకు రాసిచ్చాడు. పెన్ను జేబులోనే ఉంది. సర్క్యులరు కూడా దాని వెనకే ఉంది.

“రాసివ్వలేను” అన్నాడు. “పై ఏడాది మళ్లీ వద్దంటారు. మళ్లీ ఇరవయ్యొక్క రోజులు. అబద్ధం చెప్పి నీ చేత ఆకు కోయించలేను.”

సుక్కమ్మ చీపురు కట్టడం ఆపింది. ఆఫీసరంటే ఇలా మాట్లాడతాడని ఆమె అనుకోలేదు.

“ఆ ఇరవయ్యొక్క రోజులూ ఆకులు నా ఇంట్లో దించు” అన్నాడు తవిటయ్య. “మా ఇంట్లో ఐదుగురం. మూడు పూటలా తింటాం. చుట్టాలొస్తారు. ఎంత కట్టైనా చెల్లిపోద్ది.”

“మీ ఇంటావిడ ఒప్పుకుంటాదా?”

తవిటయ్య భార్య మొహం గుర్తుతెచ్చుకుని, ఉన్నమాట చెప్పాడు. “మాన్పించడం శిక్షణలో నేర్చుకున్నాను, చేయించడం పైడమ్మ దగ్గర నేర్చుకున్నాను. ప్రయత్నిస్తాను.”

సుక్కమ్మ చీపురు పక్కన పెట్టి లేచింది. లోపల అటక మీద పురుగు పట్టని కట్ట ఒకటి మిగిలే ఉంది. తవిటయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు. అడవి వాసనకు ముందు సీటు మనిషి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

*

సోమవారం నాలుగో నంబరు గదిలో పైడమ్మ కట్ట విప్పి, పై ఆకు తీసి, వెనక్కీ ముందుకీ తిప్పి, చీర కొంగుతో తుడిచింది. కవర్లన్నీ మడతపెట్టి గోనెలో కుక్కింది. మొదటి ఆకు తవిటయ్యకే వేసింది. అతను రెండో ఇడ్లీలో ఉండగా, మారిన అంగళ్ల తనిఖీకి బయల్దేరిన వైకుంఠరావుగారు లోపలికి వచ్చారు. కవర్లు మొదలైన దగ్గర్నుంచి ఆయన ఇంటి టిఫిను పైడమ్మ దగ్గర నుంచే వెళ్తోంది.

“ఆరు ఇడ్లీ పార్సిలమ్మా. సాంబారు విడిగా” అన్నారు, ఖాళీ చేతులు వెనక కట్టుకుని.

పైడమ్మ చెయ్యి పక్కకు వెళ్లింది. అక్కడ కవర్లు లేవు. చెయ్యి వెనక్కి వచ్చింది.

“గిన్ని తెచ్చుకో బాబూ” అంది.

వైకుంఠరావుగారు కళ్లు మూసుకున్నారు. ఏ నిబంధనా తోచినట్టు లేదు. మళ్లీ తెరిచి, గోడ మీద పత్రం చూశారు. మారిన మనిషి దగ్గర నోడల్ అధికారి కవరు అడిగిన సంగతి ఎక్కడా రాయవలసిన గడి లేదని నిర్ధారించుకుని, తవిటయ్య పక్కన బల్ల మీద కూర్చున్నారు. పైడమ్మ ఆకు వేసి వడ్డించింది. ఆయన తిన్నారు. తింటున్నకొద్దీ మొహంలో పొంగిన ఉత్తర్వులన్నీ దిగిపోయాయి. నాలుగో ఇడ్లీ దగ్గర ఆకు అంచు పైకెత్తి, కుట్లు చూసి, వాసన చూశారు.

“చాలా బాగుందమ్మా” అన్నారు నిజంగానే. “ఇంత మంచి పద్ధతి నీకెవరు నేర్పారు?”

పైడమ్మ పిండి వేస్తున్న గరిటె ఆపలేదు. తల మాత్రం తవిటయ్య వైపు ఊపింది.

“ఈ బాబేనండి. గోడ మీద కాయితంలోన రాసున్నాది గదా.”

తవిటయ్యకు పొలమారింది. కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా దగ్గాడు. పైడమ్మ గరిటె పక్కన పెట్టి, స్టీలు గ్లాసుతో నీళ్లు ముంచి అతని చేతికిచ్చింది. నడినెత్తి మీద రెండుసార్లు మెల్లగా తట్టింది.

“నీళ్లు తాగు బాబూ. ఎవులో తలుసుకుంటన్నారు” అంది. “మా అత్తే అయ్యుంటాది.”